బోరులో జల ఎక్కడ పడింది?
వేడినీటి బావుల్లో ఊట చోట్లను కనుక్కునే తీరు

ఊళ్లో బోరు వేసిన రోజు చుట్టూ మూగినవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. మొదటిది, "ఎన్ని అడుగులు పోయింది?" రెండోది, "జల ఎక్కడ పడింది?" రెండోదే అసలు ప్రశ్న. మూడు వందల అడుగుల బోరులో మూడు వందల అడుగుల పొడవునా నీళ్లు ఊరవు. ఏ రెండు చోట్లో, మహా అయితే మూడు చోట్లో, రాతి పగులులోంచో ఇసుకపొరలోంచో వస్తాయి. మిగిలిందంతా ఉత్త బండ. బోరు లారీ మీద పనిచేసేవాళ్లు పొడి దుమ్ము తడి బురదగా మారిన లోతును గుర్తుపెట్టుకుని ఆ జవాబు చెబుతారు.

వార్షికోత్సవ సంచికలో జ్ఞాపకాలూ కవితలూ ఎలాగూ ఉంటాయి. హాస్టల్లో చదివి బయటికి వచ్చిన మేము ఈసారి తమ్ముళ్ల కోసం ఒక సైన్సు సంగతి రాయాలనుకున్నాం. భూమి లోపలి వేడినీటి కోసం వేసే లోతైన బావుల్లో నీరు ఏ లోతున లోపలికి వస్తుందో ఎలా కనుక్కుంటారన్నది మా విషయం. అలా నీరు ప్రవేశించే తావును ఇంజినీర్లు ఫీడ్ జోన్ అంటారు. ఈ వ్యాసంలో మేము దాన్ని "ఊట చోటు" అంటాం. ఇది ఎక్కడో ఐస్‌లాండ్‌కో న్యూజిలాండ్‌కో చెందిన ముచ్చట కాదు. మన జిల్లాలోనే ఇలాంటి వేడినీటితో కరెంటు తీసి చూశారు.

మన నేల కింద ఏముంది?

ఇల్లందును ఇప్పటికీ పెద్దవాళ్లు బొగ్గుట్ట అంటారు. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో నమోదైంది. సింగరేణి కథ మన ఊరి దగ్గరే మొదలైందని మీ అందరికీ తెలుసు.

ఆ బొగ్గు ఉన్న రాళ్లు గోండ్వానా రాళ్లు. కోట్ల ఏళ్ల కిందట ప్రాణహిత, గోదావరి నదుల దారి వెంట నేల పొడవుగా కుంగి ఒక పెద్ద గాడి ఏర్పడింది. ఆ గాడిలో ఇసుకా బురదా చెట్ల కుళ్లూ పేరుకుని ఇసుకరాయిగా, బొగ్గుగా మారాయి. గాడి అంచుల వెంటా లోపలా నేల చీలిన చోట్లు ఉన్నాయి. భూగర్భ శాస్త్రంలో వాటిని భ్రంశాలు అంటారు. వాన నీరు ఇసుకరాళ్ల గుండా, చీలికల గుండా లోతుకు దిగుతుంది, అక్కడ వేడెక్కుతుంది, మరో చీలిక దొరికితే పైకి వస్తుంది. మామూలుగా భూమి లోపలికి ఒక కిలోమీటరు దిగితే ఉష్ణోగ్రత 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఇంక్లైన్‌లో పనిచేసిన తండ్రులున్న తమ్ముళ్లకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. లోతు పెరిగిన కొద్దీ ఉక్క ఎలా పెరుగుతుందో ఇంట్లోనే విని ఉంటారు.

భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున గుండాల అనే ఊరుంది. ఇది మన ఇల్లందు పక్కనున్న గుండాల మండలం కాదు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన గుండాల. అక్కడ నది ఇసుకలో గుంట తీస్తే వేడినీరు ఊరుతుంది. భక్తులు దాన్ని ఉష్ణగుండం అంటారు. మణుగూరు వైపు బొగ్గు కోసం వేసిన అన్వేషణ బోర్లలోనూ వేడినీరు తగిలింది. కొన్ని బోర్లలో మోటారు లేకుండానే నీరు పైకి పొంగింది. మణుగూరు మండలం పగిడేరులో అలాంటి నీటితోనే సింగరేణి సంస్థ 2020ల మొదట్లో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. బొగ్గు మంత్రిత్వ శాఖ నిధులిచ్చింది. ఢిల్లీలోని శ్రీరామ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఇండస్ట్రియల్ రీసెర్చ్ తోడ్పడింది.

20 కిలోవాట్లంటే వెయ్యి వాట్ల నీళ్ల హీటర్లు ఇరవై నడిచేంత కరెంటు. చిన్నదే. కానీ పద్ధతి గమనించండి. ఆ నీరు మరిగే నీరు కాదు, దాని ఆవిరితో టర్బైన్ తిప్పలేం. అందుకే వేడినీటి పైపు పక్కన, తక్కువ వేడికే మరిగే వేరే ద్రవాన్ని మూసిన గొట్టాల్లో తిప్పుతారు. నీటి వేడి తాగి ఆ ద్రవం ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది, చల్లబడి మళ్లీ ద్రవమై వెనక్కి వస్తుంది. దీన్ని బైనరీ పద్ధతి అంటారు. ఇంత తక్కువ వేడి నీటితో పని చేసేటప్పుడు ఒక్కో డిగ్రీ విలువైనదే. ఆ డిగ్రీలు ఎక్కడ పోతున్నాయో తెలియాలంటే ఊట చోట్లు తెలియాలి.

మూతి దగ్గర కొలిస్తే చాలదా?

చలికాలం పొద్దున్నే బకెట్లో స్నానానికి నీళ్లు తొలిపి పెట్టారనుకోండి. చేయి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి. అందులో మరిగిన నీళ్లు ఎన్ని చెంబులో, చన్నీళ్లు ఎన్ని చెంబులో చేయి చెప్పగలదా? చెప్పలేదు. రెండు చెంబుల మరుగు నీళ్లలో ఎక్కువ చన్నీళ్లు కలిపినా, నాలుగు చెంబుల మధ్యరకం వేడినీళ్లలో కాసిని కలిపినా అదే గోరువెచ్చదనం రావచ్చు.

వేడినీటి బావి మూతి దగ్గర థర్మామీటరు పెట్టడమూ అంతే. 60 డిగ్రీలు చూపించింది అనుకుందాం. లోపల మూడు లోతుల్లోంచి మూడు రకాల నీళ్లు వచ్చి కలిసి ఉండవచ్చు. పైపొర నుంచి చల్లటి నీరు దూరి కింది వేడిని చంపేస్తూ ఉండవచ్చు. బావి మంచిదో కాదో, మరమ్మతు చేయాలో వదిలేయాలో, పక్కన వేసే రెండో బావి ఎంత లోతు ఉండాలో తేల్చాలంటే పరికరాన్ని లోపలికి దించాల్సిందే. లోతైన బావికి కోట్లలో ఖర్చవుతుంది. ఊట చోటును తప్పుగా గుర్తించి అక్కడే కేసింగ్ దించి సిమెంటు పోస్తే అంత ఖర్చూ మట్టిలో కలుస్తుంది.

తవ్వేటప్పుడు దొరికే గుర్తులు

మొదటి సాక్ష్యం తవ్వేటప్పుడే దొరుకుతుంది. లోతైన బావుల్లో బిట్టు చల్లబడటానికి, రాతిపొడి పైకి రావడానికి నీటినో బురదనీటినో పంపుతో లోపలికి తిప్పుతారు. వెళ్లినంతా తిరిగి రావాలి. ఒక లోతుకు చేరగానే వెనక్కి వచ్చే నీరు తగ్గితే, ఆ తేడా రాతిలోకి ఇంకిపోయినట్టు. నీటిని తాగే దారి ఉన్నచోట నీటిని ఇచ్చే దారీ ఉండే అవకాశం ఎక్కువ. బిట్టు ఉన్నట్టుండి వేగంగా దిగిపోయిందా, తిరిగొచ్చే నీరు వేడెక్కిందా, కోరులో తెరిచిన పగుళ్లు కనిపించాయా అన్నవి కూడా రాసుకుంటారు. డ్రిల్లింగ్ క్యాంపులో షిఫ్టు రిజిస్టరు రాసే మనిషి శ్రద్ధ ఇక్కడ ఇంజినీరు చదువంత ముఖ్యం. అర్ధరాత్రి షిఫ్టులో ఆ లోతు రాయకపోతే తర్వాత ఎవరూ దాన్ని తిరిగి తేలేరు.

అయితే ఇవి అనుమానాలు మాత్రమే. పగులులోకి బురద పోయి పూడుకుపోవచ్చు. తవ్వకం పూర్తయ్యాక అసలు పరీక్షలు మొదలవుతాయి.

చన్నీళ్లు పోసి చూడటం

వేడినీటి కోసం తవ్విన బావిలో ముందు చన్నీళ్లు పోస్తారంటే వింతగా ఉంటుంది. కానీ అదే తేలికైన పరీక్ష. పైనుంచి లెక్కగా చన్నీళ్లు పంపు చేస్తూ, తీగకు కట్టిన పరికరాన్ని లోపలికి దించుతారు. ఆ పరికరం మూడింటిని కొలుస్తుంది. పీడనం, ఉష్ణోగ్రత, నీటి వేగం. వేగం కొలవడానికి దాని కింద చిన్న ఫ్యాను ఉంటుంది. నీరు తోస్తే ఫ్యాను తిరుగుతుంది. పాత రోజుల్లో గడియారపు స్ప్రింగుతో నడిచే కస్టర్ గేజీలు లోహపు రేకు మీద గీతలు గీసేవి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పరికరాలు లెక్కలను తమలోనే దాచుకుంటాయి, లేదా తీగ వెంట పైకి పంపుతాయి.

లెక్క కోసం ఒక బావిని ఊహించుకుందాం. లోతు 1,200 మీటర్లు. పైన 300 మీటర్ల దాకా కేసింగ్ ఉంది. ఆ కింద బావి వ్యాసం 200 మిల్లీమీటర్లు. సెకనుకు 20 లీటర్ల చన్నీళ్లు పోస్తున్నాం.

ముందు ఉష్ణోగ్రత గీత చూడండి. 300 మీటర్ల నుంచి 450 దాకా నీరు చల్లగానే దిగింది. 450 దగ్గర గీత వాలు మారింది, అక్కణ్నుంచి దిగేకొద్దీ నీరు కొంచెం త్వరగా వేడెక్కుతోంది. ఎందుకు? 450 దగ్గర కొంత నీరు రాతిలోకి పోయింది. మిగిలిన నీరు తక్కువ, అందుకే నెమ్మదిగా దిగుతోంది. నెమ్మదిగా పోయే నీరు చుట్టుపక్కల రాతి వేడిని ఎక్కువసేపు తాగుతుంది. 900 దగ్గర వాలు ఇంకా పెరిగింది. 1,080 దాటాక ఉష్ణోగ్రత ఒక్కసారిగా పైకి పోయి రాతి ఉష్ణోగ్రతకు దగ్గరైంది. అంటే అక్కడికి మనం పోసిన నీరు చేరడం లేదు. చివరి దారి 1,080 దగ్గరే ఉంది.

ఇంకో గుర్తు కూడా ఉంటుంది. చన్నీళ్లు దిగుతుండగా ఒకచోట ఉష్ణోగ్రత మెట్టులా ఎగిరితే, అక్కడ నీరు బయటికి పోవడం లేదు, బయటి వేడినీరే లోపలికి వస్తోందని అర్థం. వాలు మారితే పోవడం, మెట్టు ఎగిరితే రావడం. ఈ రెండింటికీ తేడా తెలియాలి.

ఫ్యాను చెప్పే లెక్క

ఇప్పుడు ఫ్యాను. చిక్కేమిటంటే పరికరమే కదులుతూ ఉంటుంది. ఫ్యాను తిరగడానికి నీటి వేగమూ కారణమే, పరికరం వేగమూ కారణమే. దీన్ని విడదీయడానికి ఒకే బావిలో వేర్వేరు వేగాలతో నాలుగైదుసార్లు పరికరాన్ని దించుతారు, లేపుతారు. వాగు ఒడ్డున ప్రవాహంతో సమానంగా నడిచేవాడికి నీటిలో ఆకు పక్కనే నిలబడినట్టు ఉంటుంది కదా. అలాగే పరికరం నీటి వేగంతోనే దిగితే ఫ్యాను ఆగిపోతుంది. ఒక్కో లోతుకు తీగ వేగాన్ని అడ్డంగా, ఫ్యాను చుట్లను నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే చుట్లు సున్నా అయ్యే వేగమే అక్కడి నీటి వేగం. పదో తరగతిలో గీసిన సరళరేఖ గ్రాఫే ఇది.

మన బావి వైశాల్యం 0.0314 చదరపు మీటర్లు. సెకనుకు 20 లీటర్లు దిగితే వేగం సెకనుకు 0.64 మీటర్లు ఉండాలి. 450 పైన అంతే ఉంది. 450 కింద 0.38కి తగ్గింది. వైశాల్యంతో గుణిస్తే 12 లీటర్లు. అంటే 450 దగ్గర 8 లీటర్లు పోయాయి. 900 కింద వేగం 0.064, అంటే 2 లీటర్లే. కాబట్టి 900 దగ్గర 10 లీటర్లు పోయాయి. మిగిలిన 2 లీటర్లు 1,080 దగ్గర పోయాయి. 8, 10, 2 కలిపితే 20. పోసిన లెక్కకు సరిపోయింది.

ఒక హెచ్చరిక. 600 నుంచి 640 మీటర్ల మధ్య వేగం 0.24కి పడిపోయి, కింద మళ్లీ 0.38కి వచ్చింది అనుకుందాం. 600 దగ్గర ఊట చోటు ఉందని తొందరపడకూడదు. రాయి విరిగిపడి అక్కడ బావి 250 మిల్లీమీటర్ల వెడల్పు అయి ఉండవచ్చు. కాలువ వెడల్పైన చోట నీరు నెమ్మదించినట్టే ఇదీ. పోయిన నీరైతే కింద మళ్లీ తిరిగి రాదు. అందుకే బావి వ్యాసాన్ని కొలిచే క్యాలిపర్ పరికరాన్ని కూడా దించి, ఆ కొలతతో వేగాన్ని సరిచూస్తారు.

ఇదే సమయంలో మరో లెక్క కూడా చేస్తారు. పరికరాన్ని ముఖ్యమైన ఊట చోటు దగ్గర నిలిపి, నీటిని సెకనుకు 10, 20, 30 లీటర్ల చొప్పున పోసి చూస్తారు. అక్కడ పీడనం 88, 90, 92 బార్లు వచ్చిందనుకోండి. 10 లీటర్లు పెంచితే 2 బార్లు పెరుగుతోంది. అంటే ఒక బారుకు 5 లీటర్లు. ఈ సంఖ్య పెద్దదైతే బావి నీటిని సులువుగా తీసుకుంటుంది. చిన్నదైతే దారులు ఇరుకైనవి.

బావిని వేడెక్కనిచ్చి చూడటం

తర్వాత పంపు ఆపేసి బావిని వదిలేస్తారు. ఒక రోజుకు, వారానికి, నెలకు మళ్లీ మళ్లీ ఉష్ణోగ్రతా పీడనమూ కొలుస్తారు. ఉత్త బండ ఉన్నచోట బావి గోడ పక్కన మాత్రమే చల్లబడింది కాబట్టి త్వరగా వేడెక్కుతుంది. ఊట చోట్లలో మనం పోసిన చన్నీళ్లు రాతిలోకి చాలా దూరం పోయాయి కాబట్టి అక్కడ చలవ ఎక్కువ రోజులు నిలుస్తుంది. గీతలో గుంటల్లా కనిపించే ఆ చల్లని చోట్లు మన 450, 900 మీటర్ల దగ్గరే వస్తే ముందు చెప్పిన జవాబుకు బలం వచ్చినట్టు.

పీడనం చెప్పే సాక్ష్యం ఇంకా అందంగా ఉంటుంది. వేడెక్కిన నీరు తేలికవుతుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు నీరు 998 కిలోలుంటే, 100 డిగ్రీల దగ్గర 958 కిలోలే. బావిలో నీటి స్తంభం వేడెక్కేకొద్దీ దాని బరువు తగ్గుతుంది. కానీ ముఖ్యమైన ఊట చోటు దగ్గర బావి, బయటి రాతిలోని నీటితో కలిసి ఉంది. అక్కడి పీడనాన్ని రాయి నిర్ణయిస్తుంది, అది మారదు. అందువల్ల పీడనం గీతలన్నీ ఒక దాని మీద ఒకటి గీస్తే, ఆ చోటు పైన పీడనం రోజురోజుకీ పెరుగుతుంది, కింద తగ్గుతుంది, అక్కడ మాత్రం కదలదు. గీతలన్నీ ఒకే బిందువు చుట్టూ ఊయలకర్రలా తిరుగుతాయి. ఆ ఇరుసే ముఖ్యమైన ఊట చోటు. రెండు బలమైన చోట్లు ఉంటే ఇరుసు వాటి మధ్యలో, ఎక్కువ బలమున్న దాని వైపు జరిగి ఉంటుంది.

మూసి ఉంచిన బావిలో ఇంకో మాయ జరుగుతుంది. 450 నుంచి 900 దాకా ఉష్ణోగ్రత ఎక్కడా మారకుండా ఒకేలా ఉందనుకోండి. అక్కడ రాయి అంతా ఒకే వేడితో ఉందని అనుకోకూడదు. ఒక చోట లోపలికి వచ్చిన నీరు బావినే దారిగా చేసుకుని రెండో చోట బయటికి పోతోందని దాని అర్థం. ఆ వేడి కింది నీటిదైతే నీరు ఎక్కుతోంది, పై నీటిదైతే దిగుతోంది. ఈ గీతను చూసి రాతి ఉష్ణోగ్రత రాసుకుంటే మొత్తం అంచనా తప్పుతుంది.

బావిని పారించి చూడటం

చివరి పరీక్ష బావిని పారిస్తూ చేసేది. చన్నీళ్లు తాగిన నిష్పత్తిలోనే వేడినీళ్లు ఇవ్వాలని లేదు, ఎందుకంటే ఒక్కో పొరలో పీడనం ఒక్కో రకంగా ఉండవచ్చు. అందుకే ఇది వేరుగా చేయాలి. మన ఊహా బావిలో పారేటప్పుడూ అవే నిష్పత్తులు వచ్చాయనుకుందాం. 900, 1,080 మీటర్ల చోట్ల నుంచి 12 లీటర్లు, 68 డిగ్రీల వేడితో వస్తున్నాయి. 450 దగ్గర 8 లీటర్లు, 48 డిగ్రీలతో చేరుతున్నాయి. కలిసిన నీటి వేడి ఎంత?

12ను 68తో గుణిస్తే 816. 8ని 48తో గుణిస్తే 384. మొత్తం 1,200. దాన్ని 20తో భాగిస్తే 60 డిగ్రీలు. మూతి దగ్గర థర్మామీటరు చూపించిన 60 ఇదే.

ఇప్పుడు అసలు లెక్క. విద్యుత్ కేంద్రం ఈ నీటిని 40 డిగ్రీల దాకా చల్లార్చి బయటికి పంపుతుందనుకుందాం. కింది 12 లీటర్లు ఇచ్చే వేడి 12 ఇంటూ 28, అంటే 336 పాళ్లు. పై 8 లీటర్లు ఇచ్చేది 8 ఇంటూ 8, అంటే 64 పాళ్లు. మొత్తం 400. నీటిలో పైచోటు వాటా 40 శాతం, వేడిలో 16 శాతమే.

ఇంతటితో అయిపోలేదు. వేడి ఎంత అన్నదే కాదు, ఎంత ఎత్తు ఉష్ణోగ్రతలో ఉందన్నదీ యంత్రానికి కావాలి. చల్లార్చే వైపు 30 డిగ్రీలనుకోండి. కింది నీరు ఒక్కటే అయితే 68 నుంచి 40కి దిగుతుంది, సగటు 54. కలిసిన నీరైతే 60 నుంచి 40కి, సగటు 50. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదివే కార్నో సూత్రం ప్రకారం, ఆదర్శ యంత్రం మొదటిదానిలో సుమారు 7.3 శాతం, రెండోదానిలో సుమారు 6.2 శాతం వేడిని పనిగా మార్చగలదు. 336లో 7.3 శాతం దాదాపు 25. 400లో 6.2 శాతమూ దాదాపు 25. నిజమైన యంత్రాలు ఇంతకన్నా చాలా తక్కువే ఇస్తాయి, కానీ పోలిక అదే.

అంటే సెకనుకు 8 లీటర్లు అదనంగా తోడినా కరెంటు పెరగలేదు. కింది చోట్లు అంతే నీరిస్తాయనుకుంటే, 450 మీటర్ల చోటును కేసింగుతో మూసేయడమే మేలు. మూతి దగ్గర మాత్రమే కొలిచినవాడు "20 లీటర్ల బావి దొరికింది" అని సంతోషిస్తాడు. లోపల కొలిచినవాడికి దానిలో 8 లీటర్లు ఉత్త భారమని తెలుస్తుంది.

సాక్ష్యాలన్నీ ఒక్క మాట చెప్పాలి

ఇటలీలోని లార్దెరెల్లోలో 1904లో భూతాపంతో మొదటిసారి ఐదు బల్బులు వెలిగించారు. న్యూజిలాండ్‌లోని వైరాకేలో 1958లో పెద్ద కేంద్రం మొదలైంది. ఆ దేశపు నిపుణులు మాల్కమ్ గ్రాంట్, పాల్ బిక్స్‌లీ వంటివాళ్లు బావి గీతలను చదివే విద్యను పుస్తకంగా కూర్చారు. ఆ విద్య నేర్పే పాఠం ఒకటే. ఏ ఒక్క గీతనూ నమ్మవద్దు. తవ్వేటప్పుడు నీరు పోయిన లోతు, చన్నీళ్లు పోసినప్పుడు వాలు మారిన లోతు, ఫ్యాను తగ్గిన లోతు, చలవ నిలిచిన లోతు, పీడనం కదలని లోతు, పారేటప్పుడు వేడి మారిన లోతు, ఇవి కలిసినచోటే ఊట చోటు ఉందని రాయాలి. కలవకపోతే మళ్లీ దించి కొలవాలి. హాస్టల్లో ఏదైనా పోయినప్పుడు ఒక్కడి మాట విని ఇంకొకణ్ని దొంగ అనకూడదని వార్డెన్ సార్లు చెప్పే న్యాయం బావికీ వర్తిస్తుంది.

మనకు దీనితో ఏం పని?

కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో జాతీయ భూతాప శక్తి విధానాన్ని ప్రకటించింది. జియలాజికల్ సర్వే 2022 అట్లాసు ప్రకారం దేశంలో 381 చోట్ల ఈ వేడి గుర్తులున్నాయి, వాటి సామర్థ్యం 10,600 మెగావాట్లని అంచనా. గోదావరి లోయ ఆ ప్రాంతాలలో ఒకటి. రేపు మన వైపు ఇంకా బావులు వేయవచ్చు.

మూసేయాలా వద్దా అని మనం లెక్క వేసిన ఆ పైపొర విషయం ఊరివాళ్లకు ఇంకో రకంగా ముఖ్యం. ఊరి చేతిపంపులూ పొలం బోర్లూ పై పొరల నీటి మీదే బతుకుతాయి. ప్రాజెక్టు బావి పై పొరను మూయకుండా వదిలేస్తే ఊరి నీటినే తోడేయవచ్చు, లేదా కింది ఉప్పు, ఖనిజాల నీటిని పై పొరలోకి ఎక్కించవచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రాజెక్టు కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఆ సభలో మన తల్లిదండ్రులు కూర్చుంటారు. వాళ్ల పక్కన చదువుకున్న మనమూ కూర్చోవాలి. అడగాల్సిన ప్రశ్నలు నాలుగే.

ఒకటి, ఈ బావిలో నీరు ఏయే లోతుల నుంచి వస్తోంది? రెండు, దాన్ని ఎన్ని రకాల పరీక్షలతో తేల్చారు? మూడు, ఊరు తాగే నీటి పొర దగ్గర కేసింగ్, సిమెంటు ఎంత లోతు దాకా ఉన్నాయి? నాలుగు, వేడి తీసుకున్న నీటిని ఎక్కడ వదులుతారు, తిరిగి ఏ పొరలోకి పంపుతారు?

ఈ ప్రశ్నలు అడగడానికి ఇంజినీరు కానవసరం లేదు. జవాబులు అర్థం చేసుకోవడానికి పీడనం, సాంద్రత, ఉష్ణం, గ్రాఫు వాలు తెలిస్తే చాలు. అవన్నీ మీ పెట్టెలో ఉన్న పుస్తకాల్లోనే ఉన్నాయి. ఇంకా ముందుకు పోవాలనుకునే తమ్ముళ్లకు దూరం కూడా లేదు. 1978 నుంచి మైనింగ్ చదువు చెబుతున్న కొత్తగూడెం కళాశాల 2025లో భూ శాస్త్రాల విశ్వవిద్యాలయంగా మారింది.

మన తాతలు బొగ్గు పొర ఎక్కడుందో ఇంకొకరు చూపిస్తే దిగి తవ్వారు. పొర ఎక్కడుందో చూసి చెప్పే పని వాళ్ల చేతికి రాలేదు. వేడినీటి బావుల కాలం మన వైపు వస్తే, తట్ట మోసే పనితో పాటు గీత చదివే పని కూడా మన హాస్టల్ పిల్లల చేతుల్లో ఉండాలని మేము కోరుకుంటున్నాం. స్టడీ అవర్‌లో ఫిజిక్సు పుస్తకం తీసినప్పుడు ఈ ఒక్క లెక్కను మీరే మళ్లీ చేసి చూడండి. 68కి బదులు 75 పెట్టండి, 8 లీటర్లకు బదులు 4 పెట్టండి. పైచోటును మూయాలా, ఉంచాలా? జవాబు మీరే తేల్చి పక్క మంచం తమ్ముడికి చెప్పండి.